చదువంతా అయ్యాక కుమిలిన విద్యార్థి: జాన్ సంగ్



ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ ప్లేట్లు పట్టుకుని కబుర్లలో ఉంటే నువ్వు ఒక మూల ఫోను చూసుకుంటూ కూర్చుంటావు. చదువు ఎలా సాగుతోందని ఎవరైనా ఆంటీ అడిగితే బాగానే ఉందండీ అంటావు. బాగాలేదని నీకు తెలుసు. క్లాసులో మనసు నిలవదు, రాత్రి నిద్ర పట్టదు. ఈ సెమిస్టరు మానేసి ఇంటికి వెళ్ళిపోదామా అని ఎవరికీ చెప్పకుండా విమానం టికెట్ల ధరలు చూస్తుంటావు. ఇంటి దగ్గర నాన్నగారు పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి నిన్ను పంపించారు. అందుకే ఆ మాట గొంతు దాటి బయటికి రాదు.

ఈ నెల నీ కోసమే ఒక చైనా దైవసేవకుడి జీవితం రాస్తున్నాను. మన తెలుగు సంఘాల్లో సాధు సుందర్ సింగ్ గారి పేరు ఎంత పరిచయమో, చైనీయుల సంఘాల్లో, ముఖ్యంగా సింగపూరు, మలేసియాల్లో, జాన్ సంగ్ గారి పేరు అంత పరిచయం. ఆయన జీవితం చెప్పేవాళ్ళు మామూలుగా ఉజ్జీవ కూడికల దగ్గర మొదలుపెడతారు. నేను మాత్రం ఆయన అమెరికాలో గడిపిన ఏడేళ్ళ దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. నీకు పనికొచ్చేది అక్కడే ఉంది.

ఆయన 1901 సెప్టెంబరు 27న దక్షిణ చైనాలోని ఫుజియాన్ రాష్ట్రంలో, హింగ్వా అనే ప్రాంతంలో పుట్టారు. ఇప్పుడు ఆ ఊరిని పుటియాన్ అంటారు. తండ్రి మెథడిస్టు పాస్టరు. ఇంట్లో పిల్లలు చాలామంది, జీతం కొంచెం. పాస్టరుగారి ఇంట్లో పెరిగినవాళ్ళకు ఈ సంగతి విప్పి చెప్పనక్కర లేదు. 1909లో హింగ్వాలో పెద్ద ఉజ్జీవం వచ్చింది. జనం ఏడుస్తూ పాపాలు ఒప్పుకోవడం, ఒకరినొకరు క్షమించుకోవడం ఆ పిల్లవాడు కళ్ళారా చూశాడు. కాస్త పెద్దయ్యాక తండ్రి వెంట ఊళ్ళు తిరిగి వాక్యం చెప్పేవాడు. చుట్టుపక్కల జనం చిన్న పాస్టరు అని పిలిచేవారు. పేరు బాగుంది కానీ బరువైనది. చిన్నప్పటి నుంచి మందిరంలో పాటలు పాడి, సండే స్కూలులో బహుమతులు తెచ్చుకుని, ఇప్పుడు లోపల ఏమీ లేదేమోనని భయపడుతున్న పాస్టరుగారి అబ్బాయివో అమ్మాయివో నువ్వయితే, ఆ బరువు నీకు తెలిసే ఉంటుంది.

1920లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, ఓడ ఎక్కి అమెరికా వచ్చారు. ఒహాయోలో డెలావేర్ అనే చిన్న ఊరు ఉంది, ఆ పేరున్న రాష్ట్రం కాదు. అక్కడి ఒహాయో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. ఫీజు మినహాయింపు ఉంది గానీ తిండికి, గదికి తానే సంపాదించుకోవాలి. గదులు ఊడ్చారు, గడ్డి కోశారు, సెలవుల్లో ఫ్యాక్టరీలో పనిచేశారు. ఒళ్ళు కూడా సహకరించలేదు. ఆపరేషను చేయించుకోవలసి వచ్చింది. ఆ జబ్బు తర్వాత కూడా జీవితాంతం వెంటాడింది. గ్యాస్ స్టేషనులో రాత్రి షిఫ్టు చేసి పొద్దున్నే క్లాసుకు పరుగెత్తే మన పిల్లల కథ నూరేళ్ళ కిందటే ఒకసారి జరిగిందన్నమాట.

అయినా చదువులో మాత్రం ఆయనకు ఎదురు లేదు. నాలుగేళ్ళ డిగ్రీ మూడేళ్ళలో, 1923లో, అత్యున్నత శ్రేణిలో పూర్తిచేశారు. ఫై బీటా కప్పా సభ్యత్వం, పతకాలు వచ్చాయి. అక్కడి నుంచి కొలంబస్‌లోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం. 1924లో మాస్టర్స్, 1926లో రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ. అప్పటికి ఆయన వయసు ఇరవై నాలుగు. పత్రికల్లో పేరు వచ్చింది, ఉద్యోగాల అవకాశాలు ఎదురొచ్చాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగు. నువ్వు మార్కులు రాక కుమిలిపోతున్నావేమో. ఆయనకు మార్కులన్నీ వచ్చాయి. ఇంటికి రాసే ఉత్తరంలో గొప్పగా చెప్పుకోదగినదంతా ఆయన చేతిలో ఉంది. సరిగ్గా అప్పుడే లోపల నేల కుంగడం మొదలైంది. అమెరికా వచ్చిన కొత్తలో తోటి విద్యార్థులతో కలిసి సువార్త చెప్పినవాడు, సంవత్సరాలు గడిచేకొద్దీ ప్రార్థన వదిలేశాడు. సేవ చేస్తానని ఇల్లు వదిలి వచ్చిన మాట గుర్తొచ్చినప్పుడల్లా మనసు పీకేది. లోకమంతా సంపాదించుకుని ప్రాణం పోగొట్టుకుంటే ఏం లాభమని ప్రభువు అడిగిన ప్రశ్న ఆయనను వదల్లేదు.

అందుకని ఆయన ఏం చేశారంటే, కాలేజీ మార్చారు. 1926 చివర్లో న్యూయార్కులోని యూనియన్ థియొలాజికల్ సెమినరీలో చేరారు. దైవశాస్త్రం చదివితే మనసు కుదుటపడుతుందనుకున్నారు. మేజరు మార్చుకుంటే అంతా సర్దుకుంటుందని నువ్వు కూడా ఎప్పుడో అనుకునే ఉంటావు. ఒక్కోసారి సర్దుకుంటుంది కూడా. ఆయనకు సర్దుకోలేదు. గది మారింది, ఊరు మారింది, దిగులు మాత్రం పెట్టెలో సర్దుకుని వెంట వచ్చినట్టు వచ్చింది.

ఆ రోజుల్లో యూనియన్ సెమినరీ ఉదారవాద దైవశాస్త్రానికి పేరుమోసిన చోటు. అద్భుతాలను, పునరుత్థానాన్ని బుద్ధికి అందేంత మేరకే ఒప్పుకునే ధోరణి అక్కడ గట్టిగా ఉండేది. ఆ ప్రొఫెసర్లను ఇక్కడ దుర్మార్గులుగా చిత్రించడం నాకు ఇష్టం లేదు. వాళ్ళలో గొప్ప పండితులు ఉన్నారు, నిజాయితీ ఉన్నవాళ్ళూ ఉన్నారు. కానీ అప్పటికే బీటలు పడిన గోడ మీద ఇంకో సమ్మెట దెబ్బ పడితే ఏమవుతుంది? చిన్నప్పుడు హింగ్వాలో చూసిన దేవుడు ఉన్నాడో లేడో ఆయనకు తెలియకుండా పోయింది. తావో మతగ్రంథాలు తిరగేశారు, గదిలో ఒంటరిగా బౌద్ధ మంత్రాలు జపించారు. ఏదీ పట్టు దొరకలేదు. నిద్ర పోయింది. చుట్టూ న్యూయార్కు మహానగరం, లోపల మనిషి ఒక్కడే. ఆ కాలాన్ని తర్వాత తన సాక్ష్యంలో ఆయన చీకటి కాలంగానే చెప్పుకున్నారు.

ఆ శీతకాలంలో ఒక రాత్రి తోటి విద్యార్థులతో కలిసి ఒక బాప్టిస్టు మందిరంలో కూడికకు వెళ్ళారు. పేరున్న పండిత బోధకుడు మాట్లాడతాడని అనుకుంటే, వేదిక మీదికి ఒక అమ్మాయి వచ్చింది. పేరు యుల్డీన్ అట్లీ. పదిహేనేళ్ళు కూడా నిండలేదు. తోటివాళ్ళకు అది నచ్చలేదు. ఈయన మాత్రం కదలకుండా విన్నారు. తర్వాత మళ్ళీ మళ్ళీ ఆ కూడికలకు వెళ్ళారు. పీహెచ్‌డీ చేసిన మనిషి, ఆ పిల్ల దగ్గర ఉన్నది తన దగ్గర ఎందుకు లేదని తనను తాను అడుగుకున్నారు. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

1927 ఫిబ్రవరి 10 రాత్రి తన గదిలో మోకాళ్ళ మీద ఉండగా పాత పాపాలన్నీ ఒక్కొక్కటిగా కళ్ళ ముందుకు వచ్చాయట. ఏడ్చి, ఏడ్చి, చివరికి సిలువ దగ్గర ఆ బరువు దిగిపోయిందని ఆయన సాక్ష్యం. బాప్తిస్మమిచ్చు యోహానును తలచుకుని జాన్ అనే పేరు పెట్టుకున్నారు. అంతవరకు ముభావంగా ఉన్న విద్యార్థి హాలులో గట్టిగా పాడడం, ఎదురుపడ్డవాళ్ళందరికీ మారుమనస్సు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వారం తిరగకుండానే సెమినరీవాళ్ళు ఆయనను మానసిక వైద్యశాలకు పంపించారు. న్యూయార్కు దగ్గరి వైట్ ప్లెయిన్స్‌లో ఉన్న బ్లూమింగ్‌డేల్ ఆసుపత్రి అది. అక్కడ 193 రోజులు ఉన్నారు.

మన పల్పిట్ల మీద ఈ ఘట్టం వచ్చినప్పుడు, సత్యం చెప్పిన భక్తుణ్ణి లోకం పిచ్చివాడంది అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అంత సులువు కాదనుకుంటాను. రాసినవాళ్ళలోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ఆయన పూర్తి ఆరోగ్యంగా ఉండగానే బంధించారని కొందరు అంటారు. నెలల తరబడి నిద్రలేక, ఒంటరితనంతో ఆయన మనసు నిజంగానే అలసి విరిగిందని కొందరు అంటారు. ఈ రెండోది నిజమైనా ఆయన రక్షణానుభవం అబద్ధం అయిపోదు. ఏలీయా ప్రవక్త బదరీచెట్టు కింద చావు కోరుకున్నప్పుడు దేవుడు మొదట పంపింది రొట్టె, నీళ్ళు, నిద్ర. ప్రసంగం తర్వాత వచ్చింది.

అందుకే నీతో ఒక మాట. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, బతకడం ఎందుకనిపించడం వారాల తరబడి సాగితే దాన్ని విశ్వాసం తక్కువై అనుకుని దాచుకోకు. ప్రార్థన చెయ్యి, చేయించుకో, దాంతోపాటు డాక్టరు దగ్గరికీ వెళ్ళు. ఇప్పటి కాలేజీల్లో విద్యార్థుల కోసం కౌన్సిలింగ్ కేంద్రాలు ఉన్నాయి. ఇక్కడ అమెరికాలో 988కి ఏ రాత్రయినా ఫోను చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు. చదువు ఆపాలనిపిస్తే క్లాసులు ఎగ్గొట్టి మాయమవకుండా, ముందు విదేశీ విద్యార్థుల ఆఫీసుకు వెళ్ళు. ముందస్తు అనుమతితో వైద్య కారణాల మీద కోర్సులు తగ్గించుకునే వీలు వీసా నిబంధనల్లోనే ఉంది. అడగకుండా కోర్సు వదిలేస్తేనే చిక్కు. ఈ సంగతి తెలియక స్టేటస్ పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారు.

ఆ ఆసుపత్రిలో జాన్ సంగ్ గారు బైబిలు నలభైసార్లు చదివానని చెప్పుకున్నారు. ప్రతిసారీ ఒక కొత్త వరసలో, ఒక కొత్త అంశం పట్టుకుని. తన నిజమైన సెమినరీ అదేనని భావించారు. ఆగస్టు చివర విడుదలయ్యారు, అక్టోబరులో స్వదేశానికి ఓడ ఎక్కారు.

పసిఫిక్ మధ్యలో జరిగింది నువ్వు వినే ఉంటావు. తన పట్టాలు, పతకాలు, బంగారు తాళంచెవులు అన్నీ సముద్రంలో పారేశారని ఆయన సాక్ష్యం. ప్రసంగాల్లో ఈ కథ చెప్పి, చదువు వ్యర్థం అన్నట్టు మాట్లాడేవాళ్ళను చూశాను. రెండు సంగతులు మరిచిపోతారు. ఆయన పారేసింది పూర్తిచేసిన చదువును. మధ్యలో వదిలింది సెమినరీ ఒక్కటే, అదీ తన ఇష్టం మీద కాదు. రెండోది, ఒక్క కాగితం ఆయన పారేయలేదు. డాక్టరేటు పట్టా నాన్నగారి కోసం దాచి తెచ్చారు.

ఆ నాన్నగారి సంగతి కూడా ఆలోచించు. కొడుకు అమెరికాలో డాక్టరయ్యాడు, ఇక పెద్ద జీతం వస్తుంది, మిగతా పిల్లల చదువులు గట్టెక్కుతాయి అని ఎదురుచూసిన మనిషి. ఆయనేమీ లోభి కాదు, పేద పాస్టరు. కొడుకు వచ్చి ఉద్యోగం చేయను, సువార్త చెబుతాను అన్నప్పుడు ఆ ఇంట్లో ఎంత నిశ్శబ్దం పరుచుకుని ఉంటుందో మనకు ఊహించడం కష్టం కాదు. పిల్లల్ని ఇక్కడికి పంపిన తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, వారం వారం చేసే ఫోనులో మార్కులు, ఉద్యోగం కాకుండా ఇంకొకటి కూడా అడగండి. రాత్రి నిద్ర పడుతోందా బాబూ అని.

ఆ తర్వాతి కథ పెద్దది, త్వరగా చెబుతాను. కొన్నాళ్ళు సొంత ఊళ్ళో హైస్కూలులో రసాయన శాస్త్రం, బైబిలు చెప్పారు. సన్ యట్ సేన్ చిత్రపటానికి వంగి నమస్కరించే ఆచారాన్ని ఒప్పుకోక అధికారుల కోపానికి గురయ్యారు. 1931లో షాంఘైలోని బెతెల్ సువార్త బృందంలో చేరి చైనా అంతా తిరిగారు. 1933లో వాళ్ళతో విడిపోయి ఒంటరిగా సాగారు. 1935లో సింగపూరులోని టెలోక్ ఆయర్ చైనీస్ మెథడిస్టు మందిరంలో జరిగిన కూడికలను అక్కడి సంఘాలు ఇప్పటికీ తలచుకుంటాయి. మలయా, ఫిలిప్పీన్స్, తైవాన్, థాయిలాండ్, ఇండోనేషియా కూడా తిరిగారు. మాసిన చైనా అంగీ, నుదుటి మీద పడే జుట్టు, బొంగురు గొంతు. డాక్టరేటు ఉన్న మనిషని చూస్తే ఎవరూ అనుకోరు.

ఆయన మెత్తని మనిషి కాదు. పాస్టర్లను వేదిక మీదే నిలదీసేవారు. పలకరించబోయినవాళ్ళను కసిరేవారు. ఇంటి దగ్గర భార్యాపిల్లలకు ఆయన దొరికింది బహు తక్కువ. ఆ విషయంలో తర్వాత ఆయనే బాధపడ్డారంటారు. అమెరికాలో మొదలైన పాత జబ్బు తిరగబెట్టి, 1940 నుంచి ఆపరేషన్ల మీద ఆపరేషన్లు జరిగాయి. పెద్ద కూడికల్లో నిలబడే శక్తి పోయాక మంచం దగ్గరికి వచ్చినవాళ్ళకే వాక్యం చెప్పేవారు.

1944 ఆగస్టు 18న, నలభై రెండేళ్ళ వయసులో, బీజింగ్ పక్కన సుగంధగిరి అనే అర్థం వచ్చే కొండప్రాంతంలో ప్రభువులో నిద్రించారు. ఆయన రోజువారీ డైరీ రాసుకునేవారు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో ఆ డైరీలను అధికారులు పట్టుకుపోయారు. ఏళ్ళ తర్వాత అవి కుటుంబానికి తిరిగి అందాయి. కూతురు వాటిలోంచి ఏరి, ఒక పుస్తకంగా అచ్చు వేయించారు.