ఎఫ్‌ఏ ఫెయిల్.. లెక్కల్లో లెజెండ్!

జైనూర్‌లో గ్రూప్స్‌కు ప్రిపేరవుతున్నా, హైదరాబాద్‌లో ప్లేస్‌మెంట్ టెస్టు రాస్తున్నా ఒక ప్రశ్న తరచూ ఎదురవుతుంది. ఫలానా సంఖ్యకు భాజకాలు ఎన్ని? ఈ చిన్న ప్రశ్నను పట్టుకుని చాలా దూరం వెళ్లిన శ్రీనివాస రామానుజన్ కూడా ఒకప్పుడు ఉద్యోగం కోసం తిరిగినవాడే.

ఆయన 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో పుట్టారు. కుంభకోణంలో స్కాలర్‌షిప్‌తో కాలేజీలో చేరారు. లెక్కలు తప్ప మిగతా సబ్జెక్టులు పట్టించుకోలేదు. ఫెయిలయ్యారు, స్కాలర్‌షిప్ పోయింది. 1905 ఆగస్టులో ఇల్లు వదిలి విశాఖపట్నం వైపు వెళ్లిపోయారు. దాదాపు నెల రోజులు రాజమండ్రిలో ఉన్నారు. తర్వాత మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరినా ఎఫ్‌ఏ గట్టెక్కలేదు. అంటే ఇప్పటి ఇంటర్ లాంటిది.

1909లో పెళ్లయింది. డిగ్రీ లేదు, చేతిలో ఉన్నవి నోటుబుక్కులే. 1910లో వాటిని నెల్లూరు కలెక్టర్ రామచంద్రరావుకు చూపించారు. ఆయనకు మొదట నమ్మకం కుదరలేదు. వివరంగా విన్నాక నెలకు రూ.25 సాయం చేశారు. 1912 మార్చి 1న రామానుజన్ మద్రాసు పోర్ట్ ట్రస్టులో రూ.30 జీతానికి గుమాస్తాగా చేరారు. ఉద్యోగం చేస్తూనే 1913 జనవరిలో తన ఫలితాలను కేంబ్రిడ్జిలోని హార్డీకి పంపారు. మరుసటి ఏడాది ఓడెక్కారు.

1915లో ఆయన పేపరు వచ్చింది. తనకంటే చిన్న సంఖ్యలన్నిటికన్నా ఎక్కువ భాజకాలున్న సంఖ్యల గురించి. ఉదాహరణకు 12కు 6 భాజకాలు. అంతకంటే చిన్న సంఖ్య దేనికీ అన్ని లేవు. ఇలాంటివి 102 లిస్టు చేశారు. చివరిది 67,46,32,83,88,800. అంటే 6 లక్షల 74 వేల కోట్ల పైమాటే! దీన్ని విడగొడితే 2 నుంచి 23 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ వస్తాయి. వాటి ఘాతాలు వరుసగా 6, 4, 2, 2, ఆపై అన్నీ 1. ప్రతి ఘాతానికి 1 కలిపి గుణిస్తే భాజకాలు 10,080.

కంప్యూటర్ లేని రోజుల్లో చేసిన ఈ లిస్టులో ఒక్కటి మాత్రం జారిపోయింది. అది 2,93,31,86,25,600. తమాషా ఏంటంటే, దాన్ని 23తో గుణిస్తే వచ్చేది ఆ లిస్టులోని చివరి సంఖ్యే! అయినా పేపరు విలువ తగ్గలేదు. ఎందుకంటే అందులో లిస్టు కంటే ముఖ్యమైనది ఆ ఘాతాల వరుస ఎలా ఉండాలో చెప్పిన విశ్లేషణ.

1916లో ఈ పరిశోధనకే కేంబ్రిడ్జి బీఏ ఇచ్చింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1920 ఏప్రిల్ 26న, 32 ఏళ్లకే కన్నుమూశారు.

ఎఫ్‌ఏ మార్కులు ఆయనకు ఏ తలుపూ తెరవలేదు. రాసిపెట్టుకున్న పని, దాన్ని మొహమాటపడకుండా నలుగురికీ చూపించడం తెరిచాయి. మీ రెజ్యూమెతో పాటు చూపించడానికి మీ దగ్గర ఏముందో ఈ వారం ఒకసారి చూసుకోండి.

ప్రాక్టీస్: 7,20,720కు భాజకాలు ఎన్ని? విడగొడితే ఘాతాలు 4, 2, 1, 1, 1, 1. కాబట్టి 5×3×2×2×2×2 = 240.