ఉన్నచోటి ధ్వని విన్న లిల్‌బర్న్

న్యూజిలాండ్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్లం ఇక్కడి రగ్బీ ఆటగాళ్ల పేర్లు గడగడా చెబుతాం. ఈ దేశ సంగీతానికి పెద్దదిక్కు ఎవరంటే మాత్రం తడుముకుంటాం. ఆయన పేరు డగ్లస్ లిల్‌బర్న్. పిల్లలు కీబోర్డో వయొలినో నేర్చుకుని సొంతంగా బాణీలు కట్టాలని ముచ్చటపడే ఇళ్లలో ఆయన కథ చెప్పుకోవాలని నాకనిపిస్తుంది.

లిల్‌బర్న్ 1915 నవంబరు 2న వాంగనుయ్‌లో పుట్టారు. ఉత్తర దీవిలో కొండల మధ్య ఉన్న డ్రైస్‌డేల్ అనే కుటుంబ ఫారంలో బాల్యం గడిచింది. 1936లో పెర్సీ గ్రెయింజర్ పెట్టిన పోటీలో ఆయన రాసిన 'ఫారెస్ట్' గెలిచింది. మరుసటి ఏడాది లండన్ వెళ్లి రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో వాన్ విలియమ్స్ దగ్గర చదువుకున్నారు. అక్కడుండగానే, 1940లో, తన దేశపు మావోరీ పేరుతో 'ఆయొటెరోవా' అనే వాద్యబృంద రచన చేశారు. పరాయి ఊళ్లో కూర్చుని సొంత నేలను స్వరాల్లోకి తెచ్చుకోవడం అంటే ఏమిటో మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ ఏడాదే తిరిగొచ్చి క్రైస్ట్‌చర్చ్‌లో పాఠాలు చెబుతూ, సంగీత సమీక్షలు రాస్తూ స్వరరచన సాగించారు. ఐరోపా సంగీతాన్ని అనుకరిస్తే చాలదని, ఇక్కడి కొండలు, సముద్రం, వెలుగు మనసులో పడేలా చెవులు తెరుచుకోవాలని ఆయన నమ్మకం. 1947లో వెల్లింగ్టన్‌లోని విక్టోరియా యూనివర్సిటీ కాలేజీలో బోధకుడిగా చేరారు. 1961 నాటికి మూడు సింఫనీలు పూర్తయ్యాయి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ తర్వాతి మలుపు. పేరు తెచ్చిన వాద్యబృందాన్ని వదిలి, యాభై ఏళ్ల వయసులో ఎలక్ట్రానిక్ సంగీతం వైపు తిరిగారు. 1966లో విశ్వవిద్యాలయంలో అందుకోసం స్టూడియో నెలకొల్పారు. ఆ రోజుల్లో శబ్దాన్ని టేపుపై రికార్డు చేసి, ముక్కలుగా కోసి, అతికించి, మళ్లీ మళ్లీ వినాలి. కొద్ది నిమిషాల రచనకు కూడా ఎంతో ఓపిక కావాలి. 1979 నాటి 'సౌండ్‌స్కేప్ విత్ లేక్ అండ్ రివర్'లో నీటి సవ్వడే సంగీతమైంది.

తమిళనాట తిరువయ్యారులో ఉంటూ తెలుగులో కీర్తనలు కట్టిన త్యాగరాజస్వామి రాజాశ్రయాన్ని కాదనుకున్నారని మన పెద్దలు చెబుతారు. దారులు వేరైనా నాకు ఇద్దరిలోనూ కనిపించేది ఒక్కటే. ఏకాగ్రత అంటే పట్టుదలగా కూర్చోవడం మాత్రమే కాదు, పనికి అడ్డొచ్చేదాన్ని, అది గౌరవమైనా సరే, పక్కన పెట్టగలగడం. ప్రతి పండక్కీ పిల్లల్ని స్టేజీ ఎక్కించాలని తొందరపడే మనం, ఎవరికీ వినిపించనక్కర్లేని కొన్ని గంటలు కూడా వాళ్లకు ఇవ్వాలి.

లిల్‌బర్న్ 2001 జూన్ 6న కన్నుమూశారు. వెల్లింగ్టన్ థార్న్‌డన్‌లో ఆయన నివసించిన ఇల్లు ఇప్పుడు స్వరకర్తలు ఉండి పని చేసుకునే చోటు. కొత్తగా రాసేవాళ్లకు అక్కడ దొరికేది ఒక గది, కాస్త సమయం, నిశ్శబ్దం.