రహీం సాహెబు

హైదరాబాదు నగరమునకు ఆగ్నేయమున బాలాపూర్ కలదు. అచటినుండి దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేటల మీదుగా వచ్చినచో మూసీనదికి చేరువను చాదర్‌ఘాట్ తగులును. సాయంకాలమున ఈ త్రోవలో ఎచ్చట కొంచెము ఖాళీ స్థలము కనబడినను బాలురు బంతి యాడుచుందురు. నేడు వారి చేతులలో క్రికెట్ బ్యాటులే ఎక్కువ. కాని ఒకప్పుడు హైదరాబాదు పేరు చెప్పగానే దేశమున క్రీడాభిమానులకు ఫుట్‌బాల్ జ్ఞప్తికి వచ్చెడిది. ఆ కీర్తికి ముఖ్య కారకుడు ఒక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాండ్రు ఆయనను రహీం సాహెబు అని గౌరవముతో పిలిచెడివారు.

రహీం 1909 ఆగష్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించెను. మూసీనది పొంగి నగరమును అతలాకుతలము చేసినది దానికి ముందటి యేడే. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బి.ఏ. చదువుచు ఆయన ఆ విద్యాలయపు జట్టులో ఫుట్‌బాల్ ఆడెను. తరువాత కాచిగూడలోను, చాదర్‌ఘాట్‌లోను పాఠశాలలందు ఉపాధ్యాయుడుగా పని చేసెను. వ్యాయామవిద్యలో శిక్షణము కూడ పొందెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి యయ్యెను. మరణించు వరకు ఆ బాధ్యతను విడువలేదు.

ఆ దినములలో మన ఆటగాండ్రకు నేర్పు తక్కువ కాదు. పాదరక్షలు లేకయే ఆడుచు, బంతిని కాలికి అంటించుకొన్నట్లు త్రిప్పి, ఇద్దరు ముగ్గురు ప్రత్యర్థులను తప్పించుకొని పోగలవారు పెక్కుమంది యుండిరి. దీనినే డ్రిబ్లింగ్ అందురు. చూచువారికి ఇది కనులపండువు. కాని ఒక్కడు బంతిని తన యొద్దనే నిలుపుకొన్నంతసేపు తక్కిన పదిమందియు ఊరక నిలువవలసినదే. ఈలోగా ఎదుటిపక్షము వారు తమ తమ తావులకు చేరుకొందురు. మనుష్యుడు ఎంత వేగముగా పరుగెత్తినను బంతితో సమానముగా పరుగెత్తలేడు గదా! బంతి వచ్చుటకు ముందే అది ఎవరికి పోవలయునో తెలిసి, ఒకే తాకుతో అందింప గలవాడే జట్టునకు ఉపకరించును. రహీం తన శిష్యులకు నేర్పిన ఆట ఇదియే.

ఉపాధ్యాయుడగుటచేత కాబోలు, ఆయన దీనిని మాటలతో బోధించి ఊరకొనలేదు. ఆటలోనే నియమములు పెట్టెను. డ్రిబ్లింగ్ చేయరాదను కట్టుబాటుతో బాలురకు పోటీలు జరిపించెను. సామాన్యముగా కుడికాలితో తన్నుట అలవాటైనవాడు ఎడమవైపు బంతి వచ్చినప్పుడు తడబడును. అట్టివారికి అలవాటులేని కాలితోనే ఆడవలసిన పోటీలు ఏర్పరచెను. మొదట ఇది పిల్లలకు ఎంత విసుగు కలిగించి యుండునో ఊహింప వచ్చును. కుడిచేతివాటము గలవాడు ఎడమచేతితో అక్షరములు దిద్దినట్లే గదా!

1950లో ఆయన హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరములు ఆ జట్టు బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును గెలుచుకొనెను. కలకత్తాలోని పెద్ద క్లబ్బులు సహితము ఈ పోలీసులతో ఆట యనగా జాగ్రత్తపడెడివి. 1951 మార్చిలో ఢిల్లీ నగరమున జరిగిన మొదటి ఏషియా క్రీడలలో రహీం శిక్షణమున భారతజట్టు ఇరానును 1-0 తేడాతో ఓడించి బంగారు పతకమును గడించెను.

మరుసటి యేటనే గొప్ప పరాభవము కలిగినది. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలకు మనవారు పోయిరి. అది చలిదేశము. మన ఆటగాండ్రలో పలువురు అక్కడను బూట్లు లేకయే మైదానమున దిగిరి. ఎదుట యుగోస్లావియా జట్టు. ఆట ముగియునప్పటికి ఆ జట్టు పది గోలులు చేసెను. మనకు దక్కినది ఒకటే. ఈ ఓటమికి బూట్లు లేమి యొక్కటే కారణమని చెప్పుట తేలిక. అయినను వేగమునందును, దేహదార్ఢ్యమునందును, ఒకరికొకరు బంతి నందించుకొను తీరునందును అంతరము చాల ఉండెనని ఒప్పుకొనక తప్పదు. అటుపిమ్మట దేశములో పోటీలకు బూట్లు తప్పనిసరి యయ్యెను. వట్టికాళ్ళ ఆటకు అలవడినవారు బంతిని తాకుట మొదలుకొని మరల నేర్చుకొనవలసి వచ్చెను.

నాలుగేండ్లకు ఫలము కనబడినది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారతజట్టు ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే 4-2 తేడాతో ఓడించెను. ఆనాడు నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసెను. సెమీఫైనలులో మరల యుగోస్లావియాయే ఎదురైనది. మనవారు 4-1 తేడాతో ఓడిరి. తుదకు మనకు నాలుగవ స్థానము లభించెను. సికిందరాబాదు బాలుడు తులసీదాస్ బలరాం ఆ జట్టులోని వాడే. 1960లో రోము నగరమున బలరాం హంగేరీ మీదను, పెరూ మీదను గోలులు చేసెను. రెండింటను మనము ఓడితిమి, ఫ్రాన్సుతో మాత్రము 1-1 గా సమానముగా నిలిచితిమి.

1962లో జకార్తాలో ఏషియా క్రీడలు జరిగెను. అప్పటికే రహీం దేహమును క్యాన్సరు వ్యాధి లోలోపల తినుచుండెను. మొదటి పోటీలోనే మనవారు దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓడిరి. థాయిలాండుతో ఆడి గెలిచినను, ఆ ఆటలో రక్షణపంక్తికి మూలస్తంభమైన జర్నైల్ సింగు తల పగిలి కుట్లు వేయవలసి వచ్చినది. గాయపడిన తలతో రక్షకుడు ఎగిరి బంతిని ఎదుర్కొనుట కష్టము. అప్పుడు రహీం అందరును ఆశ్చర్యపడునట్లు అతనిని ముందుపంక్తిలో నిలిపెను. సెమీఫైనలులో దక్షిణ వియత్నాముపై జర్నైల్ ఒక గోలు చేసెను. మనవారు 3-2 తేడాతో నెగ్గిరి.

ఫైనలు సెప్టెంబరు 4వ తేదీన. క్రీడలను గూర్చిన ఒక వివాదము వలన ఆ నగరమున భారతీయులపై ఆగ్రహము ప్రబలియుండెను. ముందటి దినమున మన రాయబార కార్యాలయముపై దాడి కూడ జరిగెను. ఆ రాత్రి రహీం శిష్యులను చేరబిలిచి, తనకు కానుకగా ఆ బంగారు పతకమును తెచ్చి యిమ్మని కోరెనని ఆటగాండ్రు తరువాతి కాలమున చెప్పుకొనెడివారు. మరునాడు లక్షమంది ప్రేక్షకులు మన జట్టును ఎగతాళి చేయుచుండగా చునీ గోస్వామి నాయకత్వమున మనవారు దిగిరి. ఎదుట మొదట ఓడించిన దక్షిణ కొరియాయే! ఆట మొదలైన ఇరువది నిమిషములలోనే పి.కె. బెనర్జీ ఒక గోలు, కట్లు కట్టిన తలతో జర్నైల్ ఒక గోలు చేసిరి. కొరియా వారికి చివరి నిమిషములలో ఒకటి మాత్రమే దొరికెను. శిష్యులు గురువు అడిగిన కానుకను తెచ్చి యిచ్చిరి.

రహీం సాహెబు 1963 జూన్ 11వ తేదీన హైదరాబాదులో కన్ను మూసెను. అప్పటికి ఏబదినాలుగు నిండలేదు. ఆయన కుమారుడు హకీం 1960లోనే రోము వెళ్ళిన జట్టులో ఉండెను. 1970లో బాంకాక్‌లో మనకు కాంస్యపతకము వచ్చినప్పుడు జట్టునకు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్. అతడును హైదరాబాదు వాడే. జకార్తా నుండి తెచ్చిన బంగారము వంటిది మాత్రము ఏషియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరల దక్కలేదు.