కొమర్రాజు వేంకట లక్ష్మణరావు

ఓరుగల్లు నగరమునందలి ఎనుమాముల మార్కెట్టునకు రైతులు ఏటేట పత్తిని, మిరపను, ధాన్యమును రాసులకొలది తెచ్చుచుందురు. అమ్మిన సరకు కొన్నవాని వెంట పోవును. అమ్మినవానికి రూకలే మిగులును. పుస్తకమునందలి విద్య అట్టిది కాదు. మనము చదివిన పుస్తకమును మిత్రునికి ఎరవిచ్చినచో, అందలి విషయము మనయొద్దను నిలుచును, అతనికిని చేరును. ఈ సత్యము నెరిగి, ఒకరి యింటి పెట్టెలో దాగిన పుస్తకమును పదిమంది సొత్తుగా చేసిన మహనీయులలో కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు ముఖ్యులు.

వారు 1877వ సంవత్సరము మే 18వ తేదీన కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించిరి. పసితనముననే తండ్రి గతించుటచే భువనగిరిలో సవతి యన్నగారైన శంకరరావుగారి పోషణలో పెరిగిరి. పిదప నాగపురమున అక్కగారైన బండారు అచ్చమాంబగారి యింట నుండి విద్య నభ్యసించిరి. అచ్చట మరాఠీభాషలో గ్రంథములు వ్రాయునంతటి పాండిత్యమును సంపాదించిరి. సంస్కృతము, ఆంగ్లము, ఉర్దూ మున్నగు భాషలను గూడ నేర్చిరి. 1902లో ఎం.ఏ. పట్టము నందిరి.

ఆ దినములలో బాలికలకు చదువు చెప్పించువారు అరుదు. అచ్చమాంబగారు ఏ పాఠశాలలోను చదువలేదు. తమ్ముడు చదువుకొనునపుడు ప్రక్కన కూర్చుండి తానును నేర్చుకొనిరి. తమ్ముని పుస్తకములే ఆమెకు గురువులైనవి. అట్లు నేర్చిన చదువుతోనే ఆమె ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అను గ్రంథమును రచించి, స్త్రీరత్నముల జీవితములను తెలుగువారి కందించిరి. 1905లో ముప్పది యేండ్ల ప్రాయముననే ఆమె స్వర్గస్థురాలైనది తెలుగు సాహిత్యమునకు తీరని లోటు. ఒక పుస్తకము రెండవ చేతికి చేరినచో ఎంతటి ఫలము నిచ్చునో లక్ష్మణరావుగారు తమ యింటిలోనే చూచిరి.

నాటి నిజాము రాజ్యమున ప్రజలలో పెక్కుమంది తెలుగువారే యైనను, కచ్చేరీలలోను పాఠశాలలలోను తెలుగునకు తగిన స్థానము లేకుండెను. తెలుగు పుస్తకము దొరకుటయే కష్టము. ఉన్న కొద్ది పుస్తకములు కలిగినవారి యిండ్లలో నుండెడివి. స్నేహితుడైనవాడు అడిగి తెచ్చుకొనగలడు. ఎవరితోను పరిచయము లేని పేద విద్యార్థి ఎవరి గుమ్మము నెక్కి అడుగగలడు? స్నేహితుల మధ్య సాగెడి ఎరవు మంచిదే గాని, అది ఎల్లరకు నందదు.

ఈ కొరతను తీర్చుటకై లక్ష్మణరావుగారును, మునగాల ప్రభువులైన నాయని వేంకట రంగారావుగారును, రావిచెట్టు రంగారావుగారును మరికొందరు మిత్రులును పూనుకొనిరి. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి గృహమందే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. ఒక మిత్రుని యిల్లు నగరమందలి తెలుగువారందరి పఠనమందిరమయ్యెను. 1904లో ఎనుమాములకు కొద్ది దూరముననే యున్న హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికిందరాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయమును ఏర్పడినవి. దీపమునుండి దీపమును వెలిగించినట్లు ఊరూర గ్రంథాలయములు పుట్టసాగెను.

మునగాల సంస్థానమునకు దివానుగా నుండి రాచకార్యములను నిర్వహించుచునే లక్ష్మణరావుగారు మరియొక లోపమును గమనించిరి. గ్రంథాలయము లున్నను, చరిత్రమును, ప్రకృతిశాస్త్రమును తేటతెలుగున బోధించు గ్రంథము లెచ్చట? అందుచే 1906లో మిత్రులతో గూడి విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము ఆ మండలి ప్రకటించిన మొదటి గ్రంథము. ఆ లింకను కథయు ఇచ్చట స్మరింపదగినదే. బీదబాలుడైన లింకను పొరుగువాని యొద్ద వాషింగ్టను జీవితచరిత్రమును ఎరవు తెచ్చుకొనెను. అది వానకు తడిసి చెడిపోయెను. లింకను దాచక, ఉన్నది ఉన్నట్లు చెప్పి, ఆ పుస్తకపు వెలకు బదులుగా పొరుగువాని పొలములో కొన్ని దినములు పాటుపడెను. ఎరవు పుస్తకముపట్ల అంతటి నిజాయితీ చూపిన బాలుడే పిదప అమెరికా సంయుక్తరాష్ట్రముల అధ్యక్షుడయ్యెను.

సమస్త శాస్త్రముల సారమును ఒక్కచోట గూర్పవలెనని లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమను మహాకార్యమునకు పూనుకొనిరి. అనారోగ్యమును లెక్కచేయక మదరాసులో రేయింబవళ్లు శ్రమించి మూడు సంపుటములను వెలువరించిరి. కార్యము ముగియకుండగనే 1923 జూలైలో నలుబదియారేండ్ల వయస్సున వారు పరమపదించిరి. అటుపిమ్మట దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు ఆ పనిని చేపట్టి కొంత దూరము కొనసాగించిరి.

బాలబాలికలారా! లక్ష్మణరావుగారును వారి మిత్రులును నెలకొల్పిన హైదరాబాదు భాషానిలయము నూరేండ్లు దాటియు నిలిచియున్నది. అట్టి సంస్థలు ఇచ్చువారి ఔదార్యము వలన మాత్రమే నిలువవు. తీసికొనువారి సత్ప్రవర్తన వలన గూడ నిలుచును. తెచ్చుకొన్న పుస్తకమును తిరిగి యీయనివాడు యజమానికి మాత్రమే గాక, దానికై వేచియున్న తరువాతి పాఠకునికిని అన్యాయము చేసినవాడగును. మీ స్నేహితుని పుస్తకమైనను, గ్రంథాలయపు పుస్తకమైనను, పుటలు మడువక, గీతలు గీయక, చెప్పిన గడువునకు తిరిగి యిండు. మీ యొద్దనున్న మంచి పుస్తకమును అడిగినవానికి లేదనకుడు. మనము చేయగల చిన్నపని యిది. లక్ష్మణరావుగారి ఋణమును కొంతవరకు తీర్చు మార్గమును ఇదియే.