మాక్స్ వీన్
మాక్స్ వీన్ (డిసెంబరు 25, 1866 - ఫిబ్రవరి 22, 1938) జర్మనీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త. కోనిగ్స్‌బర్గ్‌లో జన్మించాడు. నోబెల్ బహుమతి గ్రహీత విల్‌హెల్మ్ వీన్ ఈయనకు జ్ఞాతి. 1891లో కెపాసిటర్ల విలువ కొలిచేందుకు ఈయన రూపొందించిన వలయమే వీన్ బ్రిడ్జి.

ఇందులో రెండేసి సమాన నిరోధకాలు, కెపాసిటర్లు వాడితే ఒకే ఒక పౌనఃపున్యం వద్ద దశాభేదం సున్నా అవుతుంది. 10 కిలోఓములు, 0.1 మైక్రోఫారడ్‌లకు అది సుమారు 159 హెర్ట్జ్. అక్కడ సంకేతం మూడో వంతుకు తగ్గుతుంది కనుక దానిని 3 రెట్లు చేసే వర్ధకం ఉంటే సైను తరంగ డోలకం సిద్ధమైనట్లే. 1891 నాటికి అటువంటి వర్ధకమే లేదు. వీన్ మరణించిన మరుసటి ఏడాది, 1939లో, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థి విలియం హ్యూలెట్ ఈ వలయానికి వాక్యూమ్ ట్యూబు వర్ధకాన్ని, ఒక చిన్న విద్యుద్దీపాన్ని చేర్చాడు. డోలనాలు పెరిగితే దీపపు తీగ వేడెక్కి, దాని నిరోధం పెరిగి, వర్ధనాన్ని తిరిగి 3 వద్దకు తెస్తుంది. అందువలన తరంగరూపం చెడదు.