మధ్యలో మనిషి లేని ఫోను: ఆల్మన్ స్ట్రోజర్ జీవితం

టెలిఫోన్ అనగానే మనకు గ్రాహంబెల్ గుర్తుకు వస్తారు. కానీ నంబరు నొక్కగానే సరిగ్గా అవతలివారి ఫోనే మోగడానికి కారకుడైన మరొకరి గురించి మనం తక్కువగా చదువుకుంటాం. ఆయనే ఆల్మన్ బ్రౌన్ స్ట్రోజర్. ఆయన ఇంజనీరు కాదు. అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి.

స్ట్రోజర్ 1839లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, పెన్‌ఫీల్డ్ అనే ఊరిలో జన్మించారు. అంతర్యుద్ధ కాలంలో అశ్వికదళంలో పనిచేశారు. కొంతకాలం ఉపాధ్యాయుడిగా ఉన్నారు. తర్వాత కాన్సాస్ ప్రాంతానికి వెళ్లి, చివరకు కాన్సాస్ సిటీలో వ్యాపారం సాగించారు.

ఆ రోజుల్లో ఫోను ఎత్తితే ముందు ఆపరేటరు పలికేది. ఎవరు కావాలో ఆమెకు చెబితే, స్విచ్‌బోర్డులో ప్లగ్గు గుచ్చి రెండు తీగలను కలిపేది. అంటే ప్రతి పిలుపూ ఆమె చేతి మీదుగానే వెళ్లాలి. స్ట్రోజర్‌కు రావలసిన పిలుపులు పోటీ వ్యాపారికి వెళ్తున్నాయనీ, ఆపరేటరు ఆ వ్యాపారికి బంధువనీ ఒక కథ ప్రచారంలో ఉంది. అది ఎంతవరకు నిజమో కానీ, తన జీవనోపాధి మరొకరి చేతిలో ఉందన్న బాధ మాత్రం ఆయన్ను వదల్లేదు. ఫిర్యాదులతో సరిపెట్టుకోకుండా, మధ్యలో ఆ చెయ్యే అవసరం లేని యంత్రం చేయాలనుకున్నారు.

గుండ్రటి కాలరు పెట్టె చుట్టూ పదేసి చొప్పున పది వరుసల్లో గుండుసూదులు గుచ్చి ఆయన తొలి నమూనా చేశారని చెబుతారు. ఒక్కో సూది ఒక్కో ఫోను. మధ్యలో ఉన్న కడ్డీ ముందు పైకి లేచి వరుసను, ఆ తర్వాత పక్కకు తిరిగి ఆ వరుసలోని సూదిని తాకుతుంది. మనకు 57 కావాలంటే ఐదు మెట్లు పైకి, ఏడు మెట్లు పక్కకు. పది పదులు వంద. ఒకటో తరగతిలో నేర్చుకునే పదుల స్థానం, ఒకట్ల స్థానమే ఇక్కడ యంత్రంగా మారింది. దీనికి 1891 మార్చి 10న ఆయనకు పేటెంటు లభించింది.

1892 నవంబరు 3న ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ పట్టణంలో, సుమారు 75 మంది చందాదారులతో తొలి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి ప్రారంభమైంది. అప్పటి ఫోన్లకు డయలు లేదు. కావలసిన అంకె ఎంతో అన్నిసార్లు మీటను నొక్కాలి. వేలితో తిప్పే డయలును ఆయన సహచరులు 1896లో తయారుచేశారు.

ఆ ఏడాదే స్ట్రోజర్ తన పేటెంట్లను 1,800 డాలర్లకు అమ్మేశారు. 1898లో కంపెనీలోని వాటాను 10,000 డాలర్లకు వదులుకున్నారు. 1916లో అవే పేటెంట్లు 25 లక్షల డాలర్లు పలికాయి. అది చూడటానికి ఆయన లేరు. 1902 మే 26న ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కన్నుమూశారు.

ఆయన పద్ధతి మన దేశానికీ వచ్చింది. 1948లో బెంగళూరులో స్థాపించిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ స్ట్రోజర్ ఎక్స్ఛేంజీలను తయారుచేసింది. ఆఫీసుల్లోని చిన్న ఎక్స్ఛేంజీలు కూడా ఇదే సూత్రంతో నడిచేవి. అందులో నంబరు అంటే తీగ బిగించిన చోటు. గది మారినా పాత నంబరే కావాలంటే తీగల కలపుళ్లు మార్చక తప్పదు.

నేటి ఈపీఏబీఎక్స్‌లో ఆ బాధ లేదు. ప్రతి గది తీగ ఒక పోర్టుకు వస్తుంది. ఏ పోర్టుకు ఏ ఎక్స్‌టెన్షన్ నంబరో ప్రోగ్రాములో రాస్తారు. ఎవరు బయటికి ఫోను చేయవచ్చు, ఎవరూ ఎత్తకపోతే తర్వాత ఏ గదిలో మోగాలి అనేవీ అక్కడే నిర్ణయిస్తారు. అయినా స్ట్రోజర్ నీడ ఇంకా ఉంది. బయటి లైనుకు 9 అని పెట్టుకున్న ఆఫీసులో ఎక్స్‌టెన్షన్ నంబర్లు 9తో మొదలు కాకుండా చూసుకుంటారు. ఎందుకంటే మొదటి అంకే దారి చూపుతుంది. ఆయన యంత్రంలో పైకి ఎక్కే మెట్లు చేసిన పని కూడా అదే.

ఈ కథలో మరో వైపూ ఉంది. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీలు వచ్చాక ఎందరో ఆపరేటర్ల ఉద్యోగాలు పోయాయి. వారిలో ఎక్కువమంది నిజాయితీగా పనిచేసిన యువతులే. ఒక మేలు వెనుక ఎవరికి నష్టం జరిగిందో కూడా మనం గుర్తుంచుకోవాలి.

మధ్యలోని చెయ్యి పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. అది ప్రోగ్రాము రాసేవారి దగ్గరకు చేరింది. వారు ఒక్క అంకె తప్పు రాసినా, గదులు మారాక గోడ మీది నంబర్ల జాబితా మార్చడం మరచినా, ఒకరి పిలుపు మరొకరికి చేరుతుంది. రేపు మనలో కొందరం ఇలాంటి యంత్రాలకు ఆదేశాలు రాస్తాం. ఎవరి పిలుపు వారికే చేరాలన్నది స్ట్రోజర్ కోరిక. దాన్ని నిలబెట్టవలసింది ఇక మనమే.