పొరుగువారు చేరిన ఇంటి బడి

ఇంట్లోనే చదువు చెప్పుకునే క్రైస్తవ కుటుంబాలు కొన్ని కలిసి కూడితే మేలేమిటని అడిగేవారికి మేము జాన్ వెస్లీ తల్లి సుసన్నాను (1669–1742) చూపుతాము. ఆమె ఇంగ్లాండులోని ఎప్‌వర్త్ పాదిరిగారి భార్య. ఇంటినిండా అప్పులు. కన్న 19 మందిలో 9 మంది పసితనంలోనే పోయారు. మిగిలిన బిడ్డలకు రోజుకు 6 గంటలు తానే పాఠాలు చెప్పింది. చదవడం బాగా వచ్చేదాకా ఆడపిల్లల చేతికి కుట్టుపని ఇవ్వలేదు, ఆ కాలంలో!

1712 ఆరంభంలో భర్త లండనులో ఉండగా, ఆదివారం సాయంత్రాలు తన పిల్లల కోసం ప్రసంగం చదివి ప్రార్థిస్తుంటే ఇరుగుపొరుగు వచ్చి కూర్చున్నారు. 200 మంది దాటారు. సహాయ పాదిరి ఫిర్యాదు చేశాడు. భర్త ఆపమని రాశాడు. స్పష్టంగా ఆజ్ఞాపిస్తేనే ఆపుతానని, తీర్పు దినాన లెక్క ఆయనే చెప్పుకోవాలని ఆమె బదులు రాసింది. ఆయన మిన్నకున్నాడు. అంతకుముందు ఆ కుటుంబమంటే గిట్టని ఊరు దగ్గరైంది. గుడికి వచ్చేవారు పెరిగారు. అప్పటికి జాన్‌కు 8 ఏండ్లు.